స్టీలు గ్లాసుతో వాయించిన పాట

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. గోదావరిలో మొలలోతున నిలబెట్టి, దోసిట్లో నీళ్ళు పోసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఆ నీళ్ళలో నిలబడి అబద్ధాలాడినవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు, వాళ్ళెవరికీ జలుబు కూడా చెయ్యలేదు, ఆ మాటా నిజమే. అయినా నా ప్రమాణం వేరు. మైకు ముందు నిలబడి బతికినవాణ్ణి నేను. మైకులో ఎన్ని అబద్ధాలాడానో నాకే తెలీదు. కాగితం మీద మాత్రం ఇంతవరకూ ఒక్కటీ ఆడలేదు, ఎందుకంటే నన్నెవరూ ఏదీ రాయమనలేదు.

నేను ఆర్కెస్ట్రాలో వ్యాఖ్యాతని. అంటే గాయకుడు మంచినీళ్ళు తాగే వ్యవధిలో జనం లేచిపోకుండా కాపలా కాసేవాణ్ణి. కాకుల గోల, కుక్కల దెబ్బలాట, పెళ్ళికొడుకు మేనమామ దగ్గు, పాత బ్రిడ్జి మీద గూడ్సు బండి, ఇవీ నా సరుకు. ఒకసారి పెద్దాపురం మరిడమ్మ జాతరలో నేను రైలు కూత వేస్తే, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. సామర్లకోట స్టేషన్లో పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. నమ్మనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ముందు ముందు ఇంతకంటే కష్టమైనవి ఉన్నాయి.

మా రాజమండ్రివాళ్ళు తమ ఊరి సంగీతం గురించి మాట్లాడేటప్పుడు కళ్ళు సగం మూసుకుంటారు. "గోదావరి నీళ్ళండీ, గొంతులో శ్రుతి దానంతటదే వచ్చేస్తుంది" అంటారు. ఆ నీళ్ళే తాగే గేదెల సంగతి ఎవరూ ఎత్తరు. నేను చూసిన సంగీతం ఏమిటంటే, వీధికో ఆర్కెస్ట్రా. ప్రతి ఆర్కెస్ట్రా ఇంకో ఆర్కెస్ట్రాలోంచి బావమరిది అలిగి బయటికొచ్చి పెట్టుకున్నదే. అన్నిటికీ అవే తళుకుల చొక్కాలు, అవే సినిమా పాటలు. కీబోర్డు మీద కూర్చున్నాయన ఒక్క బటన్ నొక్కి, మిగిలినదంతా నువ్వే చూసుకోమని దానికి అప్పజెప్పి, వంటశాల వైపు చూస్తూ ఉండేవాడు. గాయకులందరూ ఎవరో ఒక పెద్ద గాయకుడి గొంతు అరువు తెచ్చుకున్నవాళ్ళే. సొంత గొంతుతో పాడినవాణ్ణి ఒక్కణ్ణి చూశాను, వాణ్ణి రెండో పాటకే మాన్పించారు.

సంగీత సభలవాళ్ళు తాము వేరే జాతి అనుకునేవాళ్ళు. వాళ్ళ సభలకీ నేను మైకు పట్టుకున్నాను. కచేరీ కంటే శాలువాలు కప్పడానికే ఎక్కువసేపు పట్టేది. ఎండాకాలంలో ఒక విద్వాంసుడికి వరసగా శాలువాలు కప్పుకుంటూ పోతే ఆయన లోపల సొమ్మసిల్లిపోయాడు. పై శాలువా తీసి చూసేదాకా తాళం వేస్తున్నాడనే అనుకున్నాం.

ఇక శ్రోతలు. మావాళ్ళు దేన్నైనా వింటారు గాని, కూర్చుని వినరు. పెళ్ళిలో అయితే భోజనాల పిలుపు వచ్చేదాకా వింటారు. జాతరలో అయితే పక్క డేరాలో డాన్సు మొదలయ్యేదాకా వింటారు. ఒక పాటని మొదట్నుంచి చివరిదాకా కదలకుండా విన్న జనాన్ని నా వృత్తి మొత్తంలో ఒక్కసారే చూశాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతున్నది.

ఆ యేడు తుపాను వచ్చింది. కోనసీమలో కొబ్బరి తోటలు పడుకున్నాయి. గోదావరి మధ్య లంకల్లో ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి, వంటపాత్రలు కాలవల్లో కొట్టుకుపోయాయి. ఆ బాధ గురించి వేళాకోళం ఆడను. అక్కడివాళ్ళు ఏడ్చారు. మా ఊరి పెద్దమనుషులు మాత్రం కమిటీ వేశారు.

కమిటీ అధ్యక్షులవారికి రైసు మిల్లు ఉండేది. బెంగుళూరులో కూతురింటికి వెళ్ళి, అల్లుడు తీసుకెళితే అక్కడొక రాక్ షో చూసొచ్చారు. సంగీతం ఆయనకి ఎక్కలేదు గాని, వేరే సంగతి ఎక్కింది.

"ఏవండీ, అక్కడ కుర్చీల్లేవండి! ఒక్క కుర్చీ లేదు. మైదానంలో అందర్నీ నిలబెట్టేశారు. షామియానా బెడద లేదు, కుర్చీల బెడద లేదు" అన్నారు మీటింగులో.

"మరి నిలబడి ఏం చేస్తారండి?" అని కోశాధికారి అడిగాడు.

"గెంతుతారండి."

"ఆడవాళ్ళో?"

"ఆళ్ళూ గెంతుతారు."

కమిటీ కాసేపు గోడ మీద కేలెండరు వైపు చూసింది. తర్వాత తుపాను బాధితుల సహాయార్థం రాక్ సంగీత మహోత్సవం చెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. జనాన్ని నిలబెట్టడానికి రాక్, నిలబెట్టి ఉంచడానికి నేను.

ఊళ్ళో రాక్ వాయించే కుర్రాళ్ళు నలుగురుండేవారు. ఒకడి తండ్రికి రావులపాలెంలో అరటి మండీ ఉంది. గెలలు మగ్గబెట్టే గదిలో వాళ్ళ సాధన. అందుకని స్టేజీ మీద ఎంత కోపంగా అరిచినా, దగ్గరికి రాగానే చక్రకేళీ వాసన వేసేవాళ్ళు. ముగ్గురికి సంగీతమంటే జుట్టు పెంచడం. నాలుగోవాడు గిటార్ వాయించేవాడు. వాడి జుట్టు మామూలుగానే ఉండేది.

నాకు సంగీతం రాదు. సంగీతం రానివాడికి ఒక సుఖం ఉంది. బాగున్నది ఎందుకు బాగుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ అరటిపళ్ళ గదిలో వాడు గిటార్ తీసుకుని ఏదో చిన్న ముక్క వాయిస్తే, పక్కనే గెలలు మోస్తున్న కూలీ గెల భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు. వాయించడం అయ్యాక గెల దింపి, "బాగుందండోయ్, ఇంకోపాలి కొట్టండి" అన్నాడు. మా ఊరి సంగీతజ్ఞులు ఇచ్చిన బిరుదులన్నీ కలిపినా ఆ బరువు తూగవు.

ఈ కుర్రాడు మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల షావుకారు కొడుకు. విరాళం కోసం అధ్యక్షులవారూ నేనూ ఆ కొట్టుకి వెళ్ళాం.

ఆ కొట్టు గురించి ఒక మాట చెప్పాలి. మావైపు స్టీలు గిన్నె కొంటే దాని మీద పేరు చెక్కించుకోకుండా కొట్టు దిగరు. పక్కింటికి పప్పుచారు పంపిస్తే గిన్నె తిరిగి రావాలి కదా. పెళ్ళిలో బిందె చదివిస్తే, ఆ పిల్ల మనవలెత్తేదాకా బిందె మీద మన పేరుండాలి. చెక్కడానికి ఒక కరెంటు మిషను ఉంటుంది. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే కందిరీగలా జుయ్యిమంటూ స్టీలు మీద చుక్కలు పొడుస్తుంది. ఆ షావుకారుకి ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ చెక్కీ చెక్కీ తన పేరంటే మహా ప్రీతి ఏర్పడింది.

"లారీకి సరిపడా కంచాలూ గ్లాసులూ ఇస్తానండి" అన్నాడు షావుకారు. "కానీ పేరుండాలి."

"పేరు లేకుండా దానం ఏంటండి, దొంగసొత్తులాగ!" అన్నారు అధ్యక్షులవారు.

"నాది, మా ఆవిడది, కింద మా నాన్నగారి జ్ఞాపకార్థం అని. కొట్టు పేరు, ఫోను నంబరు."

"ఫోను నంబరెందుకండి బాబూ? ఇల్లు కొట్టుకుపోయినవాడు మీకు ఫోను చేస్తాడా?" అన్నాను నేను.

షావుకారు నా వైపు జాలిగా చూశాడు. "రేపు ఆడింట్లోనూ పెళ్ళవుతుందండి. సామాన్లెక్కడ కొంటాడు?"

ఇంతా చేసి, చెక్కేవాడు కొట్టులో లేడు. వాడిది లంక ఊరు. కప్పు వేసుకోవడానికి ఇంటికి వెళ్ళాడు. షావుకారు లోపలికి చూసి, "ఒరే అబ్బాయ్, ఆ మిషను నువ్వు పట్టుకో" అన్నాడు.

"నాన్నగారండీ, శనివారం ప్రోగ్రాం ఉందండి. సాధన చేసుకోవాలండి."

"మిషను పట్టుకుంటే అదీ చేతికి సాధనే."

షావుకారు మా వైపు తిరిగి మొదలుపెట్టాడు. "మద్రాసు పోతాడటండి ఈడు. రికార్డింగు థియేటర్లో గిటార్ వాయించమని ఎవరో పిలిచారట. పాటకి వెనకాల ఎక్కడో కూర్చుని వాయించేవాణ్ణి ఎవడు చూస్తాడండి? క్యాసెట్టు మీద పేరు కూడా పడదు!" పేరు పడదనే మాట దగ్గర ఆయన గొంతు నిజంగానే వణికింది.

"పడకపోయినా ఫర్వాలేదండి" అన్నాడు కొడుకు.

కొట్టులో గిన్నెలు సర్దుతున్నవాళ్ళు కూడా ఆగారు. షావుకారు ముఖం ఎర్రబడింది. బేరం తెగ్గొట్టే గొంతుతో అన్నాడు: "సరే. పెద్దల ముందు చెబుతున్నాను. శనివారం నీ పాట ఒక్కటి వాయించు. కుర్చీలున్నా లేకపోయినా మనోళ్ళు కూర్చునే ఉంటారు. మొదలెట్టినకాడి నుంచి ఆపేదాకా జనం లేవకుండా విన్నారనుకో, సోమవారం మద్రాసు బండి నేనే ఎక్కిస్తాను. లేచారనుకో, సోమవారం నుంచి కొట్టు. మళ్ళీ గిటార్ ఊసెత్తకూడదు."

"ఎవరూ లేవకూడదాండి?"

"ఎవరూ లేవకూడదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు కుర్రాడు, మిషను చేతిలోకి తీసుకుంటూ.

బయటికొచ్చాక వాణ్ణి పక్కకి పిలిచి తిట్టాను. "పిచ్చివాడా, మనవాళ్ళ మీద పందెం కాశావేంటి? జనగణమన మధ్యలో చెప్పులు వెతుక్కునే జనం ఇది."

"ఇంకో దారి లేదు కదండీ అన్నయ్యగారూ" అన్నాడు వాడు.

ఆ వారమంతా ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా లోపల్నుంచి కందిరీగ రొద. షావుకారు పేరు, ఇంటిపేరు, ధర్మపత్ని, కీర్తిశేషులైన తండ్రి, కొట్టు, నంబరు, అన్నీ పట్టేసరికి కంచం నిండిపోయేది. గ్లాసు మీదైతే పేరు చుట్టూ తిరిగి తన తోకని తనే పట్టుకునేది. గిటార్ మూల నిలబడి ఉండేది, దాని మెడకి ఎవరో గరిటెల కట్ట తగిలించారు. శుక్రవారం టీ పట్టుకెళ్ళి ఇస్తే వాడు గ్లాసు అందుకోలేకపోయాడు. చెయ్యి దానంతటదే జుయ్యిమంటోంది.

శనివారం సాయంత్రం, గోదావరి గట్టుకి దగ్గర్లో కాలేజీ గ్రౌండు. కుర్చీలు లేవని కమిటీ మైకు బండిలో ఊరంతా చాటించింది. దాంతో ఊరు ఎవరి ఏర్పాట్లు వాళ్ళు చేసుకొచ్చింది. చాపలు, పీటలు, ప్లాస్టిక్ స్టూళ్ళు. ఒక కుటుంబమైతే మడత మంచం తెచ్చుకుని ముసలాయన్ని దాని మీద పడుకోబెట్టింది. రాక్ షోకి మడత మంచంతో వచ్చిన ఊరు ప్రపంచంలో మాదొక్కటే అయ్యుంటుంది. ముందు మాత్రం పెద్దలకి సోఫాలు వేశారు. పెద్దలు నిలబడి గెంతకూడదు కదా. షావుకారు మధ్య సోఫాలో, జరీ కండువాతో. స్టేజీ పక్కనే కంచాల గుట్ట, గ్లాసుల గుట్ట. మర్నాడు పొద్దున్న అవి లారీలో లంకలకి వెళ్ళాలి. మర్నాడు ఆ లారీ ఎందుకంత తేలిగ్గా వెళ్ళిందో చివర్లో చెబుతాను.

జ్యోతి ప్రజ్వలన. గోదావరి గాలికి జ్యోతి ఆరిపోవడం, మళ్ళీ వెలిగించడం, ఫొటోగ్రాఫరు "ఇంకోసారండి" అనడం. ఉపన్యాసాలు. ఒక వక్త తుపానుని ప్రకృతిమాత ఆగ్రహమన్నాడు, ఇంకో వక్త ఆగ్రహం కాదు పరీక్ష అన్నాడు, ఆ ఇద్దరూ ఆ విషయం మీద మాటా మాటా అనుకున్నారు. శాలువాలు. తర్వాత చదివింపులు.

మావైపు పెళ్ళిళ్ళలో ఎవరేం చదివించారో మైకులో చదవాలి. అదే అలవాటు ఇక్కడికీ వచ్చింది. ఎవరి పేరు చదవకపోయినా వాళ్ళు మర్నాడు వచ్చి ఇచ్చింది పట్టుకుపోతారు. అందుకని పాట మొదలవగానే అధ్యక్షులవారు చెయ్యి ఎత్తేవారు, కుర్రాళ్ళు ఆపేవారు, నేను చదివేవాణ్ణి. ఫలానావారు అరటిగెలలు. ఫలానావారు కొబ్బరితాళ్ళు. నరసాపురం నుంచి ఒక పుణ్యాత్మురాలు తుపాను బాధితుల కోసం లేసు టీపాయి గుడ్డలు పంపింది. వాటిలో మంచిది అధ్యక్షులవారి బల్ల మీద పరిచేశారు. ఒకాయన పాత సీలింగు ఫ్యాన్లు ఇచ్చాడు. కప్పే లేనివాడికి సీలింగు ఫ్యాను! చప్పట్లు మాత్రం దానికే ఎక్కువ వచ్చాయి.

మధ్యమధ్య రాక్ కూడా జరిగింది. ఆ స్పీకరు బాక్సుల చప్పుడు ఎలాంటిదంటే, డ్రమ్ము మీద మొదటి దెబ్బ పడగానే అవతలి గట్టున కొవ్వూరు వైపు చెట్ల నుంచి కొబ్బరికాయలు రాలాయి. పడవవాడు ఏరుకొచ్చి ఇచ్చాడు, వాటినీ నిధికి జమకట్టి పేరు చదివాం. పాడే కుర్రాడు జుట్టు విదిలిస్తుంటే చాప మీంచి ఒకాయన, "అమ్మవారు పూనిందర్రా, కొబ్బరికాయ కొట్టండి, దిగుద్ది" అన్నాడు. "మెలోడీ కొట్టండయ్యా!" అని ఒకడు, "ఆ గూడ్సు బండాయన్ని పిలవండి!" అని ఇంకొకడు. లేచేవాళ్ళు లేస్తున్నారు, బజ్జీల బండి దగ్గరికి పోయేవాళ్ళు పోతున్నారు. నేను రైలు కూత వేసి సగంమందిని వెనక్కి లాక్కొచ్చాను. ఇది కళ అని నేనెప్పుడూ అనలేదు.

గిటార్ కుర్రాడి పాట వంతు వచ్చింది. తెర వెనక నిలబడి తన ఎడమచేతి వేళ్ళు చూసుకుంటున్నాడు. "అన్నయ్యగారూ, తీగ తెలీట్లేదండి."

"తెలీకపోవడం ఏంటి?"

"వేళ్ళు మొద్దుబారిపోయాయండి. ఈ చేత్తో గ్లాసు అదిమిపెట్టి, ఈ చేత్తో చెక్కీ చెక్కీ రెండూ పోయాయి. నొక్కుతున్నానో లేదో తెలీట్లేదు." గోరుతో తన వేలిని తనే గిల్లి చూపించాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

తండ్రి పేరు వాడి వేళ్ళని తినేసింది. మద్రాసు ఆ వేళ్ళ మీదే ఉంది. నేను వేణ్ణీళ్ళు తెమ్మని కేక వేస్తుంటే వాడు నా వైపు చూడట్లేదు, గ్లాసుల గుట్ట వైపు చూస్తున్నాడు. వెళ్ళి ఒక చిన్న కాఫీ గ్లాసు తీశాడు. స్టేజీ మీద స్టూలు వేయించుకుని కూర్చుని, తీగల్ని వేళ్ళతో నొక్కడం మానేసి, గ్లాసుని అడ్డంగా ఆనించి జార్చాడు.

లంకల్లో రేవు దాటాల్సినవాళ్ళు పొద్దువాలే వేళ ఇవతలి గట్టు మీంచి పడవవాణ్ణి పిలుస్తారు. ఓ... అని. ఆ పిలుపు నీళ్ళ మీద జారుకుంటూ వెళ్ళి, అవతల చెట్లకి తగిలి, కొంచెం సన్నబడి వెనక్కి వస్తుంది. ఆ గ్లాసు కింద తీగ అలా పిలిచింది. పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచింది. మిగతా ముగ్గురూ వాయించడం మానేసి వాడి వైపు చూస్తున్నారు, అది వాళ్ళ జీవితంలో చేసిన అత్యుత్తమ సంగీతం.

జనం ఎవరూ లేవలేదు. చాపల మీదివాళ్ళు చాపల మీదే, స్టూళ్ళ మీదివాళ్ళు స్టూళ్ళ మీదే. బజ్జీలవాడు మూకుట్లో గరిటె పెట్టి తియ్యడం మర్చిపోయాడు. మడత మంచం మీది ముసలాయన లేచి కూర్చోవాలనుకుని, మళ్ళీ ఎందుకొచ్చిందని పడుకునే విన్నాడు. నేను వేళ్ళు ముడిచి లోపల్లోపల దణ్ణం పెట్టుకుంటున్నాను. ఇంకొక్క చరణం. మద్రాసు బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసినట్టే.

అప్పుడు లేచాడు ఒకే ఒక్కడు, షావుకారు.

కండువా సర్దుకుని నిలబడి, రెండు చేతులూ ఎత్తి, స్టేజీ మీదికి కేక వేశాడు: "ఒరే! ఆ గ్లాసు మనదేరా! పేరు లోపలికి పెట్టావేంట్రా! జనం వైపు తిప్పు! పేరు ఇటు తిప్పరా!"

తీగ ఆగిపోయింది. జనం గొల్లున నవ్వారు.

తర్వాత స్టేజీ వెనక నేను షావుకారు దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఏవండీ, ఊరు ఊరంతా కదల్లేదు. లేచింది తమరొక్కరే."

"అయితే నేను జనం కాదా ఏంటండి?" అన్నాడు షావుకారు.

సోమవారం కుర్రాడు కొట్టులో కూర్చున్నాడు. మద్రాసు వెళ్ళలేదు. తర్వాత పెళ్ళయింది, షావుకారు కాలం చేశాడు, కొట్టు వాడిదయింది. గిటార్ మళ్ళీ ఎవరికీ కనపడలేదు. ఇప్పటికీ పేర్లు వాడే చెక్కుతాడు. ఊరి సంగీతాభిమానులు మాత్రం ఇప్పుడు ఎక్కడ కలిసినా, "ఆ రోజు నేనక్కడే ఉన్నానండి. ఆ గ్లాసు పాట! ఒళ్ళు గగుర్పొడిచిందనుకోండి" అంటారు. అందరూ అక్కడే ఉన్నారు. అందరికీ గగుర్పొడిచింది. షావుకారు పేరు పిచ్చి గురించి చెప్పుకుని అందరూ నవ్వుతారు. సభల్లో ఆ కథని నేనే చెప్పాను, వందసార్లు చెప్పాను, చప్పట్లు బాగా వచ్చేవి.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. కొబ్బరికాయలు రాలడం నిజం. ముసలమ్మ సామర్లకోట వెళ్ళడం నిజం. శాలువాల కింద విద్వాంసుడు సొమ్మసిల్లడం కూడా దాదాపు నిజమే. నేను కల్పించింది ఒక్కటే. షావుకారు లేవలేదు.

జరిగింది ఇది. గ్లాసు తీగ మీద మొదటిసారి జారింది. ఆ పిలుపు సగంలో ఉండగానే అధ్యక్షులవారు నా చేతిలో మైకు లాక్కున్నారు. జనం పల్చబడుతున్నారని ఆయన బెంగ. "సోదర సోదరీమణులారా, లాంఛనప్రాయంగా కొన్ని కంచాలు ఇక్కడే, ఇప్పుడే పంచడం మొదలుపెడుతున్నాం" అన్నారు. అంతే. ఊరు లేచింది. చాపలు లేచాయి, స్టూళ్ళు లేచాయి. మడత మంచం మీది ముసలాయన అందరికంటే ముందు లేచాడు. గోదావరి నీళ్ళు తాగి గొంతులో శ్రుతి తెచ్చుకున్నవాళ్ళందరూ, కప్పులున్న ఇళ్ళవాళ్ళు, కప్పుల కింద ఫ్యాన్లున్నవాళ్ళు, లంకల్లో ఇళ్ళు పోయినవాళ్ళ కంచాల కోసం స్టేజీ పక్కన తోసుకున్నారు. సంగీత సభ కార్యదర్శి రెండు చంకల్లోనూ కంచాలు పెట్టుకుని గ్లాసుల కోసం వంగడం నేను కళ్ళారా చూశాను. మర్నాడు లారీ తేలిగ్గా వెళ్ళింది అందుకే.

కుర్రాడు ఆపలేదు. ఆ తొక్కిడిలో ఎవరికీ వినపడకపోయినా చివరిదాకా వాయించాడు. సోఫాల వరస మొత్తం ఖాళీ. మధ్యలో షావుకారు ఒక్కడే, కండువా చేత్తో పట్టుకుని, కొడుకు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన పేరు చెక్కిన కంచాలు ఆయన మోకాళ్ళ ముందు నుంచే పరిగెత్తుతున్నాయి. ఒక్కదాని వైపు కూడా చూడలేదు. ఆయన పేరు ఆ రోజు మైకులో చదవనేలేదు, దాని గురించీ అడగలేదు.

అయిపోయాక నేను స్టేజీ దిగి వెళ్ళాను. "తమరు లేవలేదు కదండీ" అన్నాను.

షావుకారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "బాగా వాయించాడండి ఎదవ" అన్నాడు. కండువా భుజాన వేసుకుని, "కానీ నేనొక్కణ్ణీ జనం కాదు కదండీ" అన్నాడు. వ్యాపారస్తుడు, నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాలేదు. కుర్రాడు ఊరి మీద పందెం కాశాడు, ఊరు ఓడించింది.

ఇన్నాళ్ళూ ఆయన్నే లేపాను. పేరు పిచ్చి ఉన్న షావుకారు కథైతే వినేవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఊరు ఊరంతా లేచిందని చెబితే చప్పట్లు ఎవరు కొడతారు? ముందు కూర్చున్నది ఆ ఊరే కదా.

అనుమానంగా ఉంటే మీ వంటింట్లో పాత స్టీలు కంచాలు తిరగేసి చూడండి. పేరు, ఇంటిపేరు, ధర్మపత్ని, కీర్తిశేషులైన తండ్రి, అన్నీ ఉంటాయి. చెక్కిన చెయ్యి మంచి చెయ్యి, అక్షరాలు ఇంకా అరగలేదు. అడుగున ఫోను నంబరు కూడా ఉంటుంది. పాత నంబరు కదా, ముందు రెండు అంకె ఒకటి చేర్చుకుంటే ఇప్పటికీ మోగుతుంది. ఎత్తేది వాడే.